పిచ్చిక కళ్లు మూసుకుంటే

మిల్లు క్వార్టర్సు,
ఆదివారం

చెల్లీ,

మేమంతా బాగున్నాం అని ఒక్క ముక్క రాయడానికి కూడా ఇన్నాళ్లూ చెయ్యి ఖాళీ లేదు. ఇప్పుడు ఎడమ చేతి మీద మహారాణి పడుకుని ఉంది, కుడి చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే తిట్టుకోకు.

గుప్పెడంత ఉందని మా అత్త దాన్ని పిచ్చిక అంది, ఇంట్లో అందరికీ అదే ఖాయమైపోయింది. దీని నిద్ర సంగతి చెప్తే నువ్వు నమ్మవు. మిల్లు సైరను మా వంటింటి గోడకి అవతలే కదా, అది కూస్తే గూట్లో గిన్నెలు వణుకుతాయి. ఇది మాత్రం రెప్ప కదపదు. మీ బావ మురిసిపోతున్నాడు. "నెలలు నిండేదాకా మగ్గాల హోరులో పెరిగింది, దీన్ని ఏ చప్పుడూ ఏం చెయ్యలేదు, మిల్లు బిడ్డంటే ఇదీ" అని కనపడిన ప్రతివాడికీ చెప్తున్నాడు. మగ్గాలు బాగుచేసే ఫిట్టరు కదా, తన చేతి పనంటే ఆయనకి ఎప్పుడూ గర్వమే.

వచ్చే నెల మళ్లీ నేత షెడ్డుకి వెళ్తాను. పిచ్చికని అత్త చూసుకుంటుంది. నీకు ఎన్నో నెల? జాగ్రత్త.

మీ అక్క


ఎక్స్ఛేంజి వెనక వీధి,
పొద్దున్నే

అక్కా,

నీ మహారాణికి దణ్ణం. మా ఇంట్లో దిగినవాడు మహారాజు కాదు, పోలీసు. పుట్టి రెండు నెలలైనా కాలేదు, పక్కగదిలో చెంచా కింద పడితే ఉలిక్కిపడి లేస్తాడు. వాళ్ల నాన్న తుమ్మితే ఏడుపు, తలుపు కిర్రుమంటే ఏడుపు. తల నున్నగా ఉందని గుండు అంటున్నాం. నేను పగలంతా టెలిఫోను ఎక్స్ఛేంజిలో హెడ్‌సెట్టు పెట్టుకుని ఊళ్లో వాళ్ల గొంతులన్నీ వింటాను, ఇంటికొస్తే వీడి గొంతు ఒక్కటే అన్నిటికీ సమాధానం.

అక్కా, మిల్లు ఆఫీసులో ఫోనుంది కదా. ఒక్కసారి చెయ్యకూడదూ? లైను నేనే కలుపుతాను. నీ గొంతు విని ఎన్నాళ్లయిందో.

చెల్లి


మిల్లు క్వార్టర్సు,
వానాకాలం

చెల్లీ,

ఆఫీసు ఫోను పట్టుకుంటే మేనేజరు మొహం మాడ్చుకుంటాడు. ఉత్తరాలే బాగున్నాయి.

పిచ్చిక నడిచేస్తోంది. మూడడుగులేసి కూలబడటం, చప్పట్లు కొట్టమని మా మొహాల వంక చూడటం. ఇంకా విను, దీనికి మిల్లు మాట వచ్చేసింది! షెడ్డులో మగ్గాల చప్పుడుకి పక్కనున్న మనిషి కేకేసినా వినపడదు కదా, అందుకే మేం గొంతు లేకుండా పెదవులూ కళ్లూ చేతులతోనే మాట్లాడుకుంటాం. ఈ చివర నుంచి ఆ చివరకి కోడలి మీద చాడీలు కూడా చెప్పుకోవచ్చు. మా షెడ్డు గోడలకి చెవులుండవు, కళ్లుంటాయి. ఎవరిదైనా సొంత గొడవ మన కంట పడితే తల మగ్గం వైపు తిప్పేసుకుంటాం, అది మా మర్యాద. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. అత్తయితే రిటైరై ఇన్నేళ్లయినా ఇంట్లో గొంతు విప్పదు. ఇప్పుడు పిచ్చిక కూడా పెదవులు ఆడించి అమ్మ అంటుంది, చప్పుడు లేకుండా! పగలబడి నవ్వుకున్నాం.

కోపం కూడా ఘనమే. అలిగిందంటే గట్టిగా కళ్లు మూసేసుకుంటుంది. ఇక మనం లేనట్టే లెక్క. ఎంత బతిమాలినా తెరవదు.

మీ అక్క


ఎక్స్ఛేంజి వెనక వీధి,
మీ ఊరి నుంచి వచ్చిన మర్నాడు

అక్కా,

నాలుగు రోజులు నీ చేతి వంట తిని వచ్చాను, ఒళ్లు చేసినట్టుంది. బస్సులో కూర్చున్నప్పటి నుంచి ఒక్క విషయం నన్ను తొలిచేస్తోంది. నీ ఎదురుగా చెప్పే ధైర్యం లేకపోయింది.

మొన్న వంటింట్లో పళ్లెం పడిందే, గుండు జడుసుకుని ఏడ్చాడు. పిచ్చిక వాడికి ఇవతలే కూర్చుని నూలు కండెలతో ఆడుకుంటోంది. తల తిప్పలేదు. వాడి ఏడుపుకీ తిప్పలేదు. నువ్వు నీళ్లకి వెళ్లాక అదురు అందకుండా దాని వెనక గూట్లో దుప్పటి పరిచి, దాని మీద ఒక పళ్లెం పెట్టి, ఖంగుమనేలా ఇంకోటి పడేశాను. మొదటిసారి జారింది అక్కా, రెండోసారి నేనే పడేశాను. అప్పుడూ తిప్పలేదు.

చెవుల డాక్టరుకి ఒక్కసారి చూపించు. నా అనుమానమే తప్పైతే నన్ను జీవితాంతం ఏడిపించు.

చెల్లి


మిల్లు క్వార్టర్సు

చెల్లికి,

కాకి పిల్ల కాకికి ముద్దు, నిజమే. కానీ నీ కాకిని మెచ్చుకోవడానికి నా పిచ్చికకి వంక పెట్టనక్కర్లేదు. దొంగచాటుగా పళ్లేలు పడేసి పరీక్షలు పెట్టడానికా మా ఇంటికొచ్చింది? అది ఆటలో పడితే ప్రపంచం మర్చిపోతుంది, వాళ్ల నాన్న పోలిక. నేను పిలిస్తే గిరుక్కున తిరుగుతుంది. నిన్న కూడా తిరిగింది.

ఇలాంటి మాటలు మా అత్త చెవిన వెయ్యకు.

అక్క


ఎక్స్ఛేంజి వెనక వీధి

అక్కా,

నువ్వు పిలిస్తే తిరుగుతుంది, నేనూ చూశాను. నువ్వు పిలిచేటప్పుడు కాలు నేలకేసి కొడతావు. బావా కొడతాడు, మీ అత్తా కొడుతుంది. షెడ్డు అలవాటు, మీకు తెలియదు. మీది చెక్క నేల. ఆ అదురు దాని కాళ్లకి తెలుస్తోంది.

పరుపు మీద కూర్చోబెట్టి వెనక నుంచి పిలిచి చూడు. ఒక్కసారి చాలు.

చెల్లి


మిల్లు క్వార్టర్సు,
ఎండలు ముదిరాక

చెల్లికి,

ఇన్ని నెలలు ఎందుకు రాయలేదని నాలుగు ఉత్తరాలు రాశావు. పని ఎక్కువగా ఉంది. పిచ్చికకి నాలుగో ఏడు నడుస్తోంది. సొంతంగా అన్నం కలుపుకుంటుంది. వాళ్ల నాన్న చొక్కా వేసుకుని ఇల్లంతా ఊడుస్తుంది. బొమ్మకి స్నానం చేయించి, అది ఏడ్చిందని దాన్నే కొడుతుంది. అన్ని మాటలూ అర్థమవుతాయి, అన్నీ మాట్లాడుతుంది. ఇక్కడ అందరికీ అర్థమవుతోంది. నీకు అర్థం కాకపోతే అది దాని లోపం కాదు.

నువ్వు చెప్పిన పరుపు సంగతి నేను చెయ్యలేదు. చెయ్యను కూడా.

అక్క


ఎక్స్ఛేంజి వెనక వీధి,
మధ్యాహ్నం డ్యూటీకి ముందు

అక్కా,

చెయ్యలేదని నువ్వు రాసిన పద్ధతి చూస్తేనే చేశావని తెలుస్తోంది.

గుండు రోజంతా ఎందుకు, ఎందుకు, ఎందుకు. చీమ ఎందుకు వరసలో వెళ్తోంది, చందమామకి తాడు ఎవరు కట్టారు, నాన్నకి మీసం ఎందుకు నీకెందుకు లేదు. నా తల తినేస్తున్నాడు. వాడు అడిగిన ప్రతిసారీ నాకు పిచ్చికే గుర్తొస్తోంది. అది ఎందుకని ఎవర్ని అడుగుతుంది? మీ మిల్లు మాటలో చందమామ తాడు సంగతి ఉందా? మాటలు నేర్చే వయసు ఆగి మన కోసం కూర్చోదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నీ భయం. నాకు తెలుసు. ఈ నెలాఖరులోగా నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లకపోతే బావకి నేనే రాస్తాను. తర్వాత నువ్వు నా మొహం చూడకపోయినా సరే.

చెల్లి


మిల్లు క్వార్టర్సు

చెల్లీ,

నువ్వు బావకి రాయనక్కర్లేదు. ఆయన కళ్లారా చూశాడు.

మిల్లు గేటు దగ్గర పిచ్చిక దూది ఉండ ఒకటి దొరికితే దాని వెనక పరిగెడుతోంది. దూది బేళ్ల లారీ వెనక్కి వస్తోంది, హారను కొడుతూనే ఉన్నాడట. నాకది కూడా వినపడలేదు, లారీ కదలడం చూశానంతే. నేను కాలు నేలకేసి కొట్టాను చెల్లీ. మళ్లీ మళ్లీ కొట్టాను. అక్కడ మట్టి రోడ్డు, చెక్క నేల కాదు. అది దూది ఉండ పట్టుకుని నవ్వుకుంటోంది. మీ బావ ఎక్కడి నుంచి దూకాడో, పిల్లని చంకలో వేసుకుని కాలవగట్టు మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. పిల్లకి ఏం కాలేదు. దూది ఉండ పోయిందని కళ్లు మూసుకుని అలిగింది.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాం. వరండాలో మా వంతు వచ్చిందని ఆయా పిలిచిందట, నాకు తెలియలేదు. పిచ్చిక ఆయా పెదవులు చూసి నా చెయ్యి పట్టుకుని లాగింది. ముందు పిల్లని పరీక్ష చేశాడు, తర్వాత నన్ను ఎగాదిగా చూసి కుర్చీలో కూర్చోమన్నాడు. నాకు సగానికి పైగా పోయిందట, మగ్గాల వల్ల. దానికి పుట్టుకతోనే, బొత్తిగా కాదు, చాలావరకు. చెవి మిషను పెట్టి, మాట నేర్పే బడిలో వెయ్యమన్నాడు. ఇప్పటికే ఆలస్యమైందన్నాడు.

ఫోను ఎందుకు చెయ్యలేదో ఇప్పుడు తెలిసిందా? మేనేజరు మంచివాడే. నీ గొంతు వినపడదని నాకు ముందే తెలుసు.

మీ అక్క


ఎక్స్ఛేంజి వెనక వీధి

అక్కా,

ఉత్తరం పట్టుకుని గుండు ముందే ఏడ్చేశాను. వాడు ఎందుకని అడగలేదు, మొదటిసారి.

అలాంటి బడి మా ఊళ్లో ఉంది, మా ఇంటికి రెండు వీధుల అవతల. నేను వెళ్లి చూశాను, టీచరమ్మతో మాట్లాడాను. పిచ్చికని నా దగ్గర ఉంచు. సెలవులన్నిటికీ పంపిస్తాను. మీరిద్దరూ మిల్లు మానేసి ఇక్కడికి వస్తే మీకు పనెక్కడ? అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను.

చెల్లి


మిల్లు క్వార్టర్సు

చెల్లీ,

నా వల్ల కాదు. ఇంకోసారి అడగకు. అది నన్ను మర్చిపోతుంది.

అక్క


మిల్లు క్వార్టర్సు,
పిచ్చిక సంచీలో పెట్టి పంపుతున్న ఉత్తరం

చెల్లీ,

బావతో పంపుతున్నాను. బస్టాండుకి నేను వెళ్లను, వెళ్తే ఎక్కించలేను.

దాన్ని వెనక నుంచి ముట్టుకోకు, జడుసుకుంటుంది. ముందుకొచ్చి నిలబడి, అప్పుడు మాట్లాడు. దీపం ఆర్పాక ఏం చెప్పినా దానికి అందదు, చెప్పాల్సినవన్నీ ఆర్పకముందే చెప్పెయ్. తిట్టాలంటే కూడా వెలుతురులోనే తిట్టు, మొహం మామూలుగా పెట్టి నవ్వుతూ తిట్టకు, అది నవ్వునే నమ్ముతుంది. కళ్లు మూసుకుందంటే పట్టుకుని ఊపకు. పక్కన కూర్చో. దానంతట అదే తెరుస్తుంది, నువ్వు ఉన్నావో లేదో చూసుకోవడానికి. అప్పుడు నువ్వు అక్కడ ఉండాలి, అంతే.

పాలు బాగా చల్లారాక ఇవ్వు. ఇంకేం లేదు.

మీ అక్క


ఎక్స్ఛేంజి వెనక వీధి,
రెండో ఏడాది

అక్కా,

శుభవార్త. పిచ్చికకి ముందు పళ్లు రెండూ ఊడాయి, ఆ సందులోంచే మొదటి మాట వచ్చింది. గాలి ఎక్కువ, మాట తక్కువ, అయినా స్పష్టంగా "గుండూ" అంది. వాడి పెన్సిలు లాక్కోవడానికి! వాడు ఉబ్బిపోయి పెన్సిలు ఇచ్చేశాడు. బడిలో గొంతు మీద చెయ్యి పెట్టించి, అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పుతున్నారు. ఒక్క అక్షరానికి వారం. ఇంటికొచ్చి అలిసిపోయి బూట్లతోనే పడుకుంటుంది. నీ ఫొటో దిండు కింద పెట్టుకుంటుంది.

చెల్లి


మిల్లు క్వార్టర్సు,
సెలవులు అయ్యాక

చెల్లీ,

పిచ్చిక క్షేమంగా చేరిందా? పదేళ్లకే నా భుజం దాటింది. గలగలా మాట్లాడుతోంది, వీధిలో వాళ్లంతా విని ముక్కు మీద వేలేసుకున్నారు. నాకే సగం వినపడలేదు. ఏ మాట కోసం దాన్ని పంపానో ఆ మాట నా దాకా రావడం లేదు, చూశావా?

ఒకటి చెప్పనా, నువ్వు దాన్ని ఏం అనకు. బజారులో నేను మిల్లు మాటలో ఏదో అడిగితే, చుట్టూ చూసి "అమ్మా, అలా నోరు పెద్దగా తిప్పకు, అందరూ చూస్తున్నారు" అంది. బడిలో అలా మాట్లాడితే ఒప్పుకోరట కదా. తప్పు దానిది కాదు. దారంతా నోరు మూసుకునే వచ్చాను. అంతే, నీకు చెప్పుకుంటే తీరుతుందని రాశాను.

మీ అక్క


ఎక్స్ఛేంజి వెనక వీధి

అక్కా,

ఇన్నాళ్లూ నీకు రాసిన ఉత్తరాలన్నీ తీపి చేసి రాశాను. పిచ్చిక బాగుంది, బాగా చదువుతోంది, అని. పద్నాలుగో ఏడు వచ్చినప్పటి నుంచి ఇంట్లో నిప్పుల మీద నడుస్తున్నట్టుంది.

ఎత్తు నన్ను మించిపోయింది. మొటిమలు వచ్చాయని అద్దం బోర్లా తిప్పేసింది. గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటుంది, తలుపు కొట్టి ఏం లాభం? కింద సందులోంచి కాగితాలు తోస్తున్నాను, చూడకుండా తిరిగి తోసేస్తోంది. గుండుగాడి గొంతు మారింది, బొంగురు కాకిలా. మొదట్లో పిచ్చిక వాడి మెడ మీద చెయ్యి పెట్టి "వీడి లోపల ఎవరో పెద్దాయన దూరాడు" అని నవ్వేది. ఇప్పుడు వాడితోనూ మాటల్లేవు. చెవి మిషను తీసి బీరువాలో పడేసింది. బడికి వెళ్లి నెలయింది. టీచరమ్మ కబురు పంపింది, ఇలాగే ఉంటే పేరు కొట్టేస్తారట. నేర్చుకున్న మాట కూడా వాడకపోతే మొద్దుబారుతుందట.

నిన్న నేను నిలదీశాను. గట్టిగానే. మొన్న బస్సులో ఎవరో దాన్ని చూపించి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని నవ్వారట, పెదవులు చూసి పట్టేసింది. అది కాదు దాని బాధ. "పాడైన బొమ్మని బాగుచేయించడానికి పంపినట్టు పంపేశారు. బాగవలేదని తీసుకెళ్లలేదు" అంది. నేను ఏదో చెప్పబోయాను. కళ్లు మూసుకుంది అక్కా. పక్కన కూర్చున్నాను, నువ్వు చెప్పినట్టే. కళ్లు తెరిచి నన్ను చూసి, మళ్లీ మూసుకుంది.

అది తెరిచి చూసినప్పుడు అక్కడ ఉండాల్సింది నేను కాదేమో. రేపు గుండుని తోడిచ్చి పంపుతున్నాను, చెవి మిషను దాని సంచీలో పెట్టాను. ఇంక నీ ఇష్టం, దాని ఇష్టం.

చెల్లి


మిల్లు క్వార్టర్సు,
శనివారం

చెల్లీ,

వచ్చిన రోజు నుంచీ నా మొహం చూడలేదు. అన్నం పెడితే పళ్లెం వంక చూసి తింటుంది. ఎదురుగా నిలబడితే తల వంచుకుంటుంది. గడ్డం పట్టుకుని ఎత్తితే కళ్లు మూసేసుకుంది. చిన్నప్పుడు అలిగితే ముద్దొచ్చేది. ఇంతెత్తు పిల్ల అలా కళ్లు మూసుకుంటే గడ్డం వదిలేశాను. మీ బావ మెల్లగా బతిమాలాడు, అత్త ఏడ్చింది. ఏం లాభం లేకపోయింది. ఇక దానికి నేను లేను అనుకున్నాను.

నిన్న బావ క్యారియరు మర్చిపోతే అత్త పిచ్చిక చేతికిచ్చి పంపింది. నేను షెడ్డు చివర మగ్గం మీద ఉన్నాను, తెగిన పడుగు పోగు ముడేస్తున్నాను. తలెత్తితే గుమ్మంలో నిలబడి ఉంది. లోపల నేలంతా అదురుతుంది కదా, చెప్పులు విప్పేసి నిలబడింది. పుట్టక ముందు ఎరిగిన హోరు కాళ్ల నుంచి ఎక్కుతుందేమో, తెలియదు. షెడ్డంతా ఒకసారి చూసింది. ఈ మగ్గం నుంచి ఆ మగ్గానికి ఆడవాళ్లు పెదవులతో కబుర్లు చెప్పుకోవడం, నవ్వుకోవడం చూసింది. తర్వాత నన్ను చూసింది. నేరుగా.

అప్పుడు అడిగింది. బడి మాటలో కాదు, మన మిల్లు మాటలో. నోరు పెద్దగా తెరిచి, చేతులు తిప్పుతూ. మర్చిపోయిందనుకున్నాను, ఒక్క ముక్క మర్చిపోలేదు. "నన్నెందుకు పంపేశావు?"

షెడ్డంతా చదివింది చెల్లీ. అందరి కళ్లూ దాని మీద పడ్డాయి. అంతలో గుమ్మం పక్క మగ్గం మీద ముసలావిడ తల తిప్పేసుకుంది. తర్వాత పక్కావిడ. వరసగా ఒక్కొక్కరూ మగ్గాల వైపు తిరిగిపోయారు. మాకు తలుపులు వేయడమంటే అదే. అంత పెద్ద షెడ్డులో మేమిద్దరమే మిగిలాం.

ఇన్నేళ్లుగా దానికి చెప్పాలని ఎన్ని కూర్చుకున్నానో. నీ చదువు కోసం, నీ మంచి కోసం. ఒక్కటీ నోటికి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "లారీ వెనక నుంచి వచ్చింది. నేను ఎప్పుడూ నీ ఎదురుగానే ఉండలేను కదే."

అది ఏడుస్తోందో లేదో దూది దుమ్ములో నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను, పోగు ముడి కూడా జారిపోయింది. అప్పుడు మళ్లీ చేతులెత్తి అడిగింది. "నీకూ వినపడదు కదా. నీ వెనక ఎవరున్నారు?"

జారిన పోగు వెతికి మళ్లీ ముడేశాను.

షిఫ్టు దిగేదాకా గేటు దగ్గరే కూర్చుంది. మధ్యలో ఇంటికెళ్లి వచ్చినట్టుంది, చెవికి మిషను పెట్టుకుని ఉంది. పక్కన నడవమన్నాను, వినలేదు. వెనకే వచ్చింది. మలుపులో ఉన్నట్టుండి నా జబ్బ పట్టుకుని పక్కకి లాగింది. బేళ్ల లారీ మా పక్క నుంచి వెళ్లిపోయింది. హారను కొట్టాడట. నాకు తెలియనే లేదు.

సోమవారం బస్సుకి పంపిస్తున్నాను, టీచరమ్మతో చెప్పు. బడికి వెళ్తానంది, నేను అడక్కుండానే. సెలవులకి వస్తుందట, వచ్చినప్పుడల్లా షెడ్డు దగ్గరికి వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్తుందట. వద్దంటే వినేలా లేదు. నా కంటే తలంత ఎత్తుంది ఇప్పుడు, వెనక నడిచినా నా మీదుగా దానికి రోడ్డంతా కనపడుతుంది.

మీ అక్క